సీవాళి కడిగిన నీళ్ళు

మా ఇంట్లో నాగస్వరాన్ని ముట్టుకునే హక్కు నాకు లేదు. కాపురానికి వచ్చిన ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా దాని మీద చెయ్యి వేసి ఎరగను. అది ఎర్ర గుడ్డలో చుట్టి, దేవుడి పటాల పక్క గూట్లో ఉండేది. కానీ దాని కొసన బిగించి నోట పెట్టుకుని ఊదే చిన్న పీక ఉంటుంది చూడండి, సీవాళి అంటాం మేము, దాన్ని కడిగే పని మాత్రం నాదే. మా అత్త చేసేది, ఆమె పోయాక నాకు వచ్చింది. ఒక ఇత్తడి గిన్నె, గోరువెచ్చని నీళ్ళు, నూలు దారం, దంతపు సూది. మా ఆయన మేళం ముగించుకుని ఇల్లు చేరగానే చొక్కా కూడా విప్పకముందే సీవాళి నా చేతికిచ్చేవాడు.

1978 చైత్రంలో మొదటి ముహూర్తం శూళగిరిలో పడింది. ఆ సాయంత్రం సీవాళిని నీళ్ళలో వేసి, దారం కోసం పక్కకు తిరిగి మళ్ళీ చూద్దును కదా, గిన్నెలో నీళ్ళు గులాబి రంగుకు తిరిగి ఉన్నాయి.

ఆకువక్క ఎరుపేమో అనుకున్నాను. మా ఆయన దవడలో ఆకూ, వక్కా, కడ్డిపుడి పొగాకూ ఎప్పుడూ ఉండేవే. కానీ వక్క ఎరుపు నాకు తెలియనిదా? అది మడ్డిగా అడుక్కు దిగుతుంది. ఇది సన్నటి తీగల్లాగా నీళ్ళలో సాగుతోంది.

"ఏమయ్యా, ఇది రక్తమా?"

మునివెంకటప్ప, అదే మా ఆయన, గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

"పారబొయ్యి," అన్నాడు. "లింగప్పకు చెప్పొద్దు. నాయనకు అసలే చెప్పొద్దు."

లింగప్ప నా తమ్ముడు, మా ఆయన పక్కన డోలు వాయించేవాడు. ఇక నాయన అంటే మా మామ మాదప్ప. మేళంలో అందరికన్నా వెనక కూర్చుని శ్రుతిపెట్టె ఒత్తేవాడు. ఒకప్పుడు ఆయన నాగస్వరం ఊదితే కృష్ణగిరి కొండ మీద వినబడేదని ఊళ్ళో ముసలివాళ్ళు చెప్పేవారు. నలభై ఎనిమిదో ఏట, కృష్ణగిరి బట్టల వర్తకుడు జయరామయ్యగారి పెళ్ళిలో, సరిగ్గా ముహూర్తం ముందు ఆయన పై పన్ను కదిలి స్వరం జారిపోయిందట. పెదవి వెనక పన్ను ఆనుగా లేకపోతే సీవాళి నిలబడదు. ఆ పెళ్ళి నుంచి వచ్చాక ఆయన మళ్ళీ నాగస్వరం ముట్టలేదు. రెండేళ్ళలో ముందు పళ్ళన్నీ ఊడిపోయాయి. మిగిలినవీ ఆ వెనకాల ఒకటొకటే పోతూ వచ్చాయి.

నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆ సంగతి ఆయనే నాకు చెప్పాడు. అదీ బాధగా కాదు, గొప్పగా చెప్పాడు.

"వాద్యం పండ్లు తింటాదమ్మా. మా నాయనవి తినె, నావీ తినె. అంత రాగం ఊరికే ఇస్తాదా అది?"

నాకు అప్పుడు ఒళ్ళంతా భయంతో నిండిపోయింది. గూట్లో ఆ ఎర్ర గుడ్డను చూసినప్పుడల్లా దండం పెట్టేదాన్ని. ఆకలి గల దేవుణ్ణి ఇంట్లో పెట్టుకున్నామని నిజంగానే నమ్మాను. అందుకే ఆ గులాబి నీళ్ళు చూసిన సాయంత్రం నా చూపు ముందు ఆ గూటి మీదికే పోయింది. మా ఆయనకు అప్పుడు నలభై ఆరు.

పైగా ఆ ఏడు ఉగాది నాడు జయరామయ్యగారి ఇంటి నుంచి తాంబూలం వచ్చింది. ఆయన చిన్న కూతురి పెళ్ళి, జ్యేష్ఠంలో ఆఖరి ముహూర్తం. "మాదప్ప కొడుకే ఊదాల" అని కబురు. మామ ఆ ఆకులను కళ్ళకద్దుకుని చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. తాంబూలం తీసుకున్నాక మేళం వెళ్ళి తీరాలి. అదే ఇంట్లో, అదే పందిట్లో కొడుకు స్వరం కూడా జారిపోతే ఆ ముసలాయన బతుకుతాడా? నా మొగుడు బతుకుతాడా?

మా ఇంటి మగవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. ముహూర్తాలు మొదలైతే పంటికి వేపపుల్ల తగిలించరు. పుల్ల తగిలితే చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంది, తాళి కట్టే వేళ సీవాళికి రక్తం అంటితే పెళ్ళికూతురికి దోషం. కాబట్టి చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా ఉత్త నీళ్ళతో పుక్కిలించి ఉమ్మేయడమే. నొప్పిగా ఉంటే చిటికెడు కడ్డిపుడి చిగురుకు అదుముకోవాలి. తాత చేశాడు, తండ్రి చేశాడు, మా ఆయనా చేశాడు. అది నియమం అనుకున్నాం. ఆ మూడు నెలలూ నోరు అలా ఉంచుకోవడం ఉపవాసమంత పుణ్యమని నేనూ అనుకున్నాను.

మా ఆయన నమలలేకపోతున్నాడని కూడా నాకు చాలా రోజులు తెలియలేదు. ఎలా తెలుస్తుంది? మా తిండి రాగిముద్ద. దాన్ని పులుసులో ముంచి మింగడమే గానీ నమిలేదెవరు? శూళగిరి ముహూర్తమైన నెలకు ఒక రోజు వేయించిన శనక్కాయలు పెడితే జేబులో పోసుకుని బయటికి పోయాడు. తర్వాత చూస్తే అవి దొడ్లో కోళ్ళు తింటున్నాయి. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

"నా దగ్గర కూడా దాచేదేనా?" అని అరిచాను.

మా ఆయన నోరు తెరిచి నాలుక కొసతో పై పన్ను నెట్టాడు. అది కదిలింది. ఇక నేను అరవలేదు.

లింగప్పకు చెప్పకుండా ఎన్నాళ్ళు దాస్తాం? పక్కన కూర్చుని డోలు కొట్టేవాడికి చెవులు ఉంటాయి కదా. వైశాఖంలో ఒక పొద్దున వాడే వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, బావ పైస్థాయికి పోతా లేడు. షడ్జం ముట్టేసి ఎనక్కి వచ్చేస్తా ఉండాడు. ఆయన అట్ల ఊదే మనిషి కాదు. ఏమైంది?"

చెప్పాను. వాడు నా వైపు జరిగి గొంతు తగ్గించాడు.

"సంతలో పండ్లు పీకేటోడు ఒకడు వస్తాడు. ఆ కదిలేదాన్ని పీకించేస్తే..."

"పీకేస్తే ఇంక ఊదేది దేంతోరా? నీ డోలు కర్రతోనా?"



ఆ వారం హోసూరులో పెళ్ళి. మేళంతో ఆడవాళ్ళు వెళ్ళే అలవాటు మాకు లేదు. నేను మాత్రం టిఫిన్ క్యారియరులో రాగిగంజి పోసుకుని బస్సెక్కాను. మామ ముఖం చిట్లించాడు గానీ వద్దనలేదు. పెళ్ళిలో మా ఆయన రెండు సీవాళీలు మార్చి మార్చి ఊదాడు. ఒకదానికి రక్తం ఎక్కువైతే లింగప్ప డోలు వాయింపు పొడిగించి సందు ఇచ్చేవాడు. ఆ సందులో వాడినది నా చేతికి, కడిగినది ఆయన చేతికి చేరేవి. నేను వంటపందిరి వెనక నీళ్ళ డ్రమ్ము పక్కన గిన్నె పెట్టుకుని కూర్చున్నాను.

"అది నోట్లో పెట్టుకొనేదా అమ్మా?"

తల తిప్పితే ఒక అమ్మాయి. పట్టుచీర, కళ్ళద్దాలు, చేతిలో కాఫీ గ్లాసు. ముప్పై లోపు వయసు. నేను గిన్నె మీద కొంగు కప్పేశాను.

"కప్పొద్దు. నేను పండ్ల డాక్టర్ను. కృష్ణగిరి జయరామయ్య పెద్ద కూతురిని, వాసవాంబ."

పోయి పోయి ఈమె కంట్లోనే పడాలా! ఎవరి పెళ్ళికి తాంబూలం తీసుకున్నామో ఆ పెళ్ళికూతురి అక్క. ఈమె ఇంటికి వెళ్ళి ఒక్క మాట చెబితే చాలు, జయరామయ్యగారు వేరే మేళానికి కబురు పెట్టేస్తారు.

"మీ నాయనకు చెప్పొద్దమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటా. ఆయన ఊదతాడు, ఎట్లయినా ఊదతాడు."

ఆమె నా మాట విననట్టే ఒక పీట లాక్కుని పక్కన కూర్చుంది.

"ముందు నీ పని కానీ. నేను చూస్తా."

చేతికి అలవాటైన పనే కదా. సీవాళిని నీళ్ళలో నానబెట్టాను. పీకలోని రెండు రెల్లు ఆకుల మధ్య దారం దూర్చి ఇటూ అటూ లాగాను. దారం చుట్టిన మొదట్లో సూది కొసను పెట్టి, చుట్టూ తిప్పుతూ, మెల్లమెల్లగా తోడాను. గట్టిగా గీకితే పీక చీలిపోతుంది. మెత్తగా చేస్తే మురికి రాదు. లోపల మా ఆయన మళ్ళీ ఊదడం మొదలుపెట్టాడు. ఆమె కాఫీ తాగడం మరిచిపోయి నా వేళ్ళనే చూస్తోంది.

"కొసన ఊరికే తుడిచేసినావు. ఈ మొదట్లో మాత్రం ఎందుకు అంతసేపు?"

"ఆడే కదమ్మా పేరుకొనేది. కొసన ఏమీ నిలబడదు. ఎంగిలంతా ఈడ మొదట్లో దాక్కుంటాది. ఒక్క దినం వదిలినా గట్టిపడిపోతాది. గట్టిపడితే నీళ్ళకు రాదు, గీకాల. అదీ చెయ్యకపోతే పీకే కుళ్ళిపోతాది."

వాసవాంబ గ్లాసు కింద పెట్టింది.

"నేను బెంగళూరులో అన్నేండ్లు చదివింది నువ్వు ఒక్క మాటలో చెప్పేసినావమ్మా," అంది. "పంటికి కూడా అంతే. పన్నూ చిగురూ కలిసే చోటే పేరుకొనేది. మీ ఆయన ఆడ కడుగుతాడా?"

"ముహూర్తాల్లో పుల్లే ముట్టడమ్మా. రక్తం వస్తాదని."

"కడగనందుకే రక్తం వచ్చేది."

ఆమె మామూలుగానే అంది. కుళాయి కట్టెయ్యి అన్నట్టు అంది. నేను చేతిలోని సీవాళి వైపు చూశాను. నా వేళ్ళకు అన్నేళ్ళుగా తెలిసిన సంగతి అది! రోజూ గిన్నె ముందు కూర్చుని, ఒక్క పూట కూడా తప్పకుండా, ఆ మొదట్లో పేరుకున్నదాన్ని తోడి పారేశానే! పీక కుళ్ళుతుందని తెలిసినదానికి పన్ను కుళ్ళుతుందని తట్టలేదే! మా అత్తకు తట్టలేదు, నాకు తట్టలేదు. పీకను అంత పువ్వులాగా చూసుకుని, దాన్ని పట్టే నోటిని మూడు నెలలు గాలికి వదిలేశాం.

"సోమవారం పిలుచుకొని రా," అంది ఆమె లేస్తూ. "పాతపేటలో, మా అంగడి మేడ మీద. మా నాయనకు చెప్పనులే."

సోమవారం నాడు మా ఆయనను లాక్కుపోవడానికి నేను పడిన పాట్లు రాస్తే అదే ఇంకో కథ అవుతుంది. లింగప్ప ఒక పక్క, నేను ఒక పక్క నిలబడి బస్సెక్కించాం. మేడ మీద కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టి, దీపం తిప్పి, వాసవాంబ నన్ను కూడా దగ్గరికి పిలిచింది. చిన్న గుండ్రటి అద్దం ఒకటి ఆయన నోట్లో పెట్టింది.

అన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆ నోరు పాడితే విన్నాను, తిడితే విన్నాను. లోపల ఎప్పుడూ చూడలేదు. చిగుళ్ళు వాచి, నేరేడుపండు రంగులో, పళ్ళను వదిలేసి దూరం జరిగి ఉన్నాయి. పళ్ళ మొదళ్ళలో పచ్చగా, నల్లగా, గచ్చు పోసినట్టు గట్టిగా గార. ఆమె సన్నటి కొక్కెం లాంటి దానితో దాన్ని మెల్లగా లేపింది. నా సూది పని లాగే, చుట్టూ తిప్పుతూ, తొందర లేకుండా. ఊడి వచ్చిన పెచ్చులను స్టీలు పళ్ళెంలో వేసి ఆయనకు చూపించింది.

మా ఆయన ఒక పెచ్చును వేళ్ళతో నలిపి చూశాడు. అది నలగలేదు.

"ఇది రాయి కదమ్మా!"

"నీ నోట్లో ఉన్నిందప్పా. చిగురు కింద ఇంత రాయి పెట్టుకొని ఇన్ని దినాలు ఊదినావంటే నీకు దండం పెట్టాల."

కింది దవడలో వెనక పన్ను ఒకటి నిలబెట్టలేనని తీసేసింది. పై పళ్ళు కదులుతున్నాయి గానీ పట్టు పూర్తిగా వదల్లేదని చెప్పింది.

"మూడు వారాలకు మళ్ళీ రావాల, మిగిలింది అప్పుడు తీస్తా. అంతవరకు పని నాది కాదు, మీది. పొద్దున ఒకసారి, రాత్రి అన్నం తిన్నాక ఒకసారి. ఈ మెత్తటి బ్రష్షు పంటి మొదట్లో, చిగురుకు ఆనించి, ఏటవాలుగా, చిన్నచిన్నగా ఆడించాల. పంటికీ పంటికీ నడుమ దారం. మొదటి వారం రక్తం ఎక్కువే వస్తాది. భయపడి ఆపితే మళ్ళీ మొదటికే వస్తాము. కడ్డిపుడి మాత్రం ఈ దినంతో సరి. అది రోగాన్ని మాన్పదు, మరుగున పెట్టి పెంచుతాది."

వెళ్ళేటప్పుడు నా చేతిలో రెండు బ్రష్షులు పెట్టింది. ఒక్క మనిషికి రెండెందుకని అడగబోయి ఊరుకున్నాను.

బస్టాండులో మా ఆయన మొండికేశాడు.

"గురువారం మన ఊళ్ళోనే ముహూర్తం. రక్తం ఎక్కువొస్తాదని డాక్టరమ్మే చెప్తా ఉంది. ఇంకొకరి ఇంటి ఆడబిడ్డ తాళికి దోషం తెచ్చేదా నేను? నాకు పండ్లు పోతే పోనీ, అలివేలూ. నాయన లాగా నేనూ శ్రుతిపెట్టె ముందర కూచుంటా."

ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు. ఎవరి పిల్లకో కీడు జరగకూడదని తన వాద్యం వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. నాకు కోపమూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

"ఇప్పుడు రాకుండా ఉండాదా రక్తం? నేను కడిగే గిన్నెను అడుగుపో, చెప్తాది. వాద్యం నీది, పీక నాది. మన ఇంటి పద్ధతి అదే కదా? ఇంక మీద నీ నోరు కూడా పీకే అనుకుంటా. కడిగేది నేను. నువ్వు నోరు తెరిచి కూచో, చాలు."

ఆ రోజు అన్నం తిన్నాక పెరట్లో బండ మీద ఆయనను కూర్చోబెట్టి గడ్డం పట్టుకున్నాను. మొదటిసారి నాకూ సిగ్గేసింది. లింగప్ప వాకిట్లో నిలబడి నవ్వాడు.

"అక్కా, బావ కరిస్తే ఒక్క కేక వెయ్యి. డోలు కర్ర తెస్తా."

దాచిన సంగతి అప్పటికి మామకూ తెలిసిపోయింది. ఆయన మాత్రం నవ్వలేదు. "ముహూర్తాల కాలంలో ఆడది నోట్లో చెయ్యి పెట్టేదేమి? వాద్యానికి కోపం వస్తాది," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేశాడు. నీళ్ళు కావాలన్నా లింగప్పతోనే చెప్పించేవాడు.

డాక్టరమ్మ చెప్పినట్టే రక్తం ఎక్కువైంది. గురువారం ముహూర్తం నుంచి వచ్చినప్పుడు సీవాళి మునుపటికన్నా ఎర్రగా ఉంది. మా ఆయన లోపలికి వచ్చి, చూరులో పెట్టిన బ్రష్షు తీసి, కంచె అవతల పేడకుప్పలోకి విసిరేశాడు.

"చాలు నీ డాక్టరు!"

నేను లోపలికి వెళ్ళి రెండో బ్రష్షు తెచ్చాను. ఆయన దాన్ని చూసి నోరు వెళ్ళబెట్టాడు. అప్పుడు అర్థమైంది నాకు రెండెందుకిచ్చిందో. ఎన్ని నోళ్ళు చూసిందో ఆ అమ్మాయి, మగవాళ్ళ సంగతి బాగా తెలుసు! ఇద్దరం నవ్వేశాం. నవ్వినప్పుడు తెరిచిన నోటిని నేను మళ్ళీ మూయనివ్వలేదు.

కడ్డిపుడి మానడం మాత్రం నవ్వులాట కాదు. ఊరికే అందరి మీదా కసిరేవాడు, గుమ్మం దగ్గర కూర్చుంటూ, లేస్తూ, తిరుగుతూ ఉండేవాడు. ఒక లవంగం దవడన పెట్టుకుని ఓర్చుకున్నాడు. ఆరో రోజు దారానికి ఎరుపు తగ్గింది. ఎనిమిదో రోజు రెండు చోట్ల మాత్రమే. పదకొండో రోజు పుక్కిలించి ఉమ్మిన నీళ్ళు తెల్లగా ఉన్నాయి. నేను నమ్మలేక మళ్ళీ ఉమ్మమన్నాను. మళ్ళీ తెల్లగానే ఉన్నాయి. ఇరవై నాలుగో రోజున, డాక్టరమ్మ దగ్గరికి రెండోసారి వెళ్ళి వచ్చాక, పగటి వెలుగులో చూశాను. చిగుళ్ళ వాపు లేదు, నలుపు లేదు. దూరం జరిగినవి మళ్ళీ పంటి చుట్టూ దగ్గరికి వచ్చి గట్టిగా కరుచుకుని ఉన్నాయి. ఎవరూ మందు పొయ్యలేదు, మంత్రం వెయ్యలేదు. మురికి తీసి శుభ్రంగా ఉంచితే ఒళ్ళు తనంతట తానే ఇలా మరమ్మతు చేసుకుంటుందా! నాకు దేవుడి గుడిలో నిలబడ్డట్టు అనిపించింది. ఆ గడ్డం పట్టుకుని అలాగే చూస్తుండిపోయాను.

"ఏమే, ఏముంది లోపల?" అన్నాడు మా ఆయన, మాట సరిగ్గా రాక.

అవి మామిడికాయల రోజులు. లింగప్ప తోటలో నుంచి పచ్చి తోతాపురి తెచ్చి కోస్తున్నాడు. మా ఆయన ఒక చెక్క తీసుకుని, ఉప్పూ కారమూ అద్ది, ముందు పళ్ళతో కొరికాడు. కటుక్కుమంది. లింగప్ప చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ ఒక్క చప్పుడుకు నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

జ్యేష్ఠంలో ఆఖరి ముహూర్తం. జయరామయ్యగారి ఇంటి ముందు వీధి పొడవునా పందిరి. ఈసారి నేను మేళంతో వస్తానంటే ఎవరూ కాదనలేదు. మామ శ్రుతిపెట్టె పట్టుకుని వచ్చి, పందిట్లో ఒక చోట ఆగి, కింద చూసి, అక్కడే కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కింద ఆయన స్వరం జారిపోయిన చోటు అదేనని లింగప్ప నా చెవిలో చెప్పాడు. నేను స్తంభం పక్కన గిన్నె పెట్టుకుని నిలబడ్డాను.

మా ఆయన కల్యాణి ఎత్తుకున్నాడు. మెల్లగా, కింది స్వరాల్లో తిరిగాడు. పైకి వచ్చి షడ్జం ముట్టాడు. నెలన్నర ముందు వెనక్కి తిరిగిన చోటు అది. లింగప్ప డోలు మీద చేతులు ఆపేసి ఆయన ముఖమే చూస్తున్నాడు. మా ఆయన అక్కడ నిలిచాడు, ఊపిరి తీసుకున్నాడు, పైకి వెళ్ళాడు. రిషభం, దాని పైన గాంధారం. అక్కడే నిలబెట్టాడు. ఎంతసేపని చెప్పను! తోరణాలు కట్టేవాళ్ళు చేతులు ఆపేశారు. పెళ్ళికూతురి వెనక నిలబడ్డ వాసవాంబ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆ నాదం నా కడుపులోకి దిగి వణికింది. ఇన్నేళ్ళు ఇంట్లో ఉంటూ, ఈ మనిషి ఇంత పెద్దవాడని నాకు తెలియదు. ఆయన చేసేది ఆయన చేశాడు. కానీ ఆ గాంధారం కింద ఆనుగా నిలిచిన పన్ను నేను కడిగిన పన్ను.

అయ్యవారు చెయ్యెత్తారు. గట్టిమేళం మోగింది. తాళి పడింది.

అంతా అయ్యాక మా ఆయన వచ్చి సీవాళి నా చేతిలో పెట్టాడు. నేను గిన్నెలో వేశాను, దారం దూర్చాను, సూదితో మొదట్లో తోడాను. ఎదురుగా ఎవరో వచ్చి నిలబడ్డ నీడ పడింది. తలెత్తితే మామ.

"గిన్నె ఇట్ల చూపించమ్మా."

నలభై రోజులకు అది ఆయన నాతో అన్న మొదటి మాట. గిన్నె చేతికిచ్చాను. ఆయన దాన్ని ఎండలోకి తీసుకెళ్ళి, ఇటు వంచి, అటు వంచి చూశాడు. వేలు ముంచి పైకెత్తి చూశాడు.

"ఏమీ లేదే."

"లేదు మామా. ఉత్త నీళ్ళే."

"అంత పైకి పోయినా వాద్యం తినలేదా వీణ్ణి?"

"వాద్యం ఎవరినీ తినలేదు మామా. మనమే కడగలేదు."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆ ముసలాయనతో అనవలసిన మాటేనా అది? ఆయన గిన్నె పట్టుకుని అక్కడే గట్టు మీద కూలబడ్డాడు.

"నాకెవరూ చెప్పలేదు కదమ్మా," అన్నాడు. "ఇన్నేండ్లు దీని మీదే నింద వేసి బతికినాను. ఇది నన్ను తినిందని, దీని ముఖం చూడకుండా ఎనకాల కూచున్నాను. యాభై ఏండ్లు కూడా నిండలేదమ్మా నాకప్పుడు. ఇంకా ఎంత ఊదేవాణ్ణో."

మా ఆయన వచ్చి తండ్రి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని నాగస్వరాన్ని ఆయన ఒళ్ళో పెట్టాడు. మామ చాలాసేపు దాన్ని తాకలేదు. తర్వాత రెండు చేతులతో ఎత్తి కళ్ళకద్దుకున్నాడు. కొడుకు ముందు ఏడ్చాడు, నా ముందు ఏడ్చాడు. మేము ఎవరమూ ఆపలేదు.

మరుసటి రోజు తెల్లవారి నేను వాకిలి ఊడుస్తుంటే వెనక దగ్గు వినిపించింది. మామ పెరట్లో బండ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో చెంబు, చూరులో నుంచి తీసుకున్న నూలు దారం.

"అమ్మా, నాకింకా రెండు ఉండాయి. శానా ఎనక, దవడలో. నువ్వే చూస్తువుగానీ రా. వీటిని యాడ కడగాల?"

నేను చీపురు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళి ఆయన గడ్డం పట్టుకున్నాను. చూపించాను. పన్నూ చిగురూ కలిసే చోట.

ఆ తర్వాత ఆయన తొమ్మిదేళ్ళు బతికాడు. జ్వరమొచ్చినా, ముహూర్తమొచ్చినా ఒక్క పూట తప్పలేదు. నిరుడు ఆయన పోయినప్పుడు నోట్లో తులసి తీర్థం పోసింది నేనే. ఆ రెండు పళ్ళూ కదలకుండా అలాగే ఉన్నాయి.